పసుపు స్థలం నీలంగా మారితే

(మహిళా సభలో చేసిన ప్రసంగం)



ఇవాళ్టి మాట ఒక కాగితం ముక్క గురించి.

సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీలు కొంటారు. బండి అతను పాత పేపరులో పొట్లం కట్టి ఇస్తాడు. బజ్జీలు తిని కాగితం పారేస్తారు. దానిమీద ఏముందో ఎవరూ చూడరు. చదువు రాని రోజుల్లో చూసినా లాభం లేదు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఇక చూడాల్సిందే!

ఒక పట్టణం అనుకోండి. దాని చివర ఒక కాలనీ ఉంది. సుమారు 60 ఇళ్ళు. కొన్ని సొంత ఇళ్ళు, కొన్ని అద్దె ఇళ్ళు. కాలనీ మధ్యలో ఒక పెద్ద ఖాళీ స్థలం ఉంది. అది ఒక ఆసామిది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఆడవాళ్ళు వడియాలు ఎండబెట్టుకుంటారు. ఎవరి స్థలమో అందరికీ తెలుసు. ఏం కాబోతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కాలనీలో ఒక అక్క ఉంది. కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అందుకే ఏ కాగితం కనపడినా కూడబలుక్కుని చదువుతుంది. ఒకరోజు బజ్జీల పొట్లం విప్పింది. నూనె మరకల మధ్య అక్షరాలు కనపడ్డాయి.

“ప్ర... క... ట... న. ప్రకటన” అని చదివింది.

కింద తన కాలనీ పేరు ఉంది! అక్క గుండె గబగబా కొట్టుకుంది. ఇంకా చదివింది. ఒక మాట దగ్గర ఆగిపోయింది.

“వా... ణి... జ్య... ఏంటే ఇది?” అని కూతురిని అడిగింది. కూతురు తొమ్మిదో తరగతి.

“వాణిజ్యం అంటే వ్యాపారం అమ్మా” అంది కూతురు.

ఇద్దరూ కలిసి మొత్తం చదివారు. ఆ ప్రకటన సారాంశం ఇది. ఫలానా సర్వే నంబరులో 2,400 గజాల స్థలం ఉంది. దాన్ని నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చాలని అనుకుంటున్నారు. అభ్యంతరాలు, సలహాలు ఉన్నవారు 15 రోజుల లోపల రాసి ఇవ్వాలి.

అక్క పేపరు మీద తేదీ చూసింది. 3వ తేదీ. ఆ రోజు 7వ తేదీ. వేళ్ళమీద లెక్క పెట్టింది. 4 రోజులు పోయాయి. ఇంక 11 రోజులే ఉన్నాయి.

పటంలో రంగులు

నివాస వినియోగం అంటే ఏంటి? వాణిజ్య వినియోగం అంటే ఏంటి?

ఇల్లు కట్టుకునేటప్పుడు ముందే అనుకుంటారు కదా! ఇక్కడ వంటగది, ఇక్కడ పడకగది, అక్కడ దొడ్డి అని. పట్టణానికి కూడా అట్లాగే ఒక ఆలోచన ఉంటుంది. దాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. అది ఒక పెద్ద పటం. దాంట్లో ఏ స్థలం దేనికో రంగులు వేసి చూపిస్తారు.

చాలా పటాల్లో జనం ఉండే చోటుకి పసుపు రంగు వేస్తారు. అది నివాస ప్రాంతం. అంగళ్ళు, దుకాణాలు, ఆఫీసులు ఉండే చోటుకి నీలం రంగు. అది వాణిజ్య ప్రాంతం. ఫ్యాక్టరీలకు ఊదా రంగు. పార్కులకు ఆకుపచ్చ.

పసుపు చోట చిన్న కిరాణా కొట్టు, దర్జీ పని లాంటివి మామూలుగా ఒప్పుకుంటారు. పెద్ద దుకాణాల సముదాయం కట్టాలంటే కుదరదు. ముందు ఆ స్థలం రంగు మార్పించుకోవాలి. దీనికి స్థలం గలవాళ్ళు అర్జీ పెట్టుకుంటారు. రుసుము కడతారు. దీన్నే భూ వినియోగ మార్పిడి అంటారు.

ఆఫీసులో పటం మీద ఒక చిన్న గడి రంగు మారుతుంది. కాలనీలో మాత్రం నీళ్ళు, దారి, అద్దె, సంపాదన అన్నీ మారతాయి. అందుకే రంగు మార్చే ముందు జనాన్ని అడగాలని చట్టం చెప్తుంది.

కుళాయి దగ్గర మాటలు

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. అక్క ఆ కాగితం తెచ్చి అందరికీ చదివి వినిపించింది. అంతే! ఒక్కసారిగా మాటలు మొదలయ్యాయి.

“మంచిదేగా! గజం రేటు పెరుగుతుంది” అంది సొంత ఇల్లున్న వదిన.

“మీకు రేటు పెరుగుద్ది వదినా. మాకు అద్దె పెరుగుద్ది” అంది అద్దె ఇంట్లో ఉండే చెల్లెలు.

కిరాణా కొట్టు పిన్ని మొహం చిన్నబోయింది. “పెద్ద షాపు వస్తే నా కొట్టుకి ఎవరొస్తారు? ఆ కొట్టు మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నా” అంది.

“నాకు అక్కడ పని దొరకొచ్చు పిన్నీ. ఇప్పుడు రెండు బస్సులు మారి పోతున్నా” అంది ఇంకో అమ్మాయి.

ముసలి అవ్వ కర్ర నేలకు ఆనించి నిలబడింది. “మందుల షాపు వస్తే మంచిదే. మొన్న రాత్రి మనవడికి జ్వరం వస్తే మూడు కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది” అంది.

“అవ్వా! ఈ కుళాయి చూడు. ఇప్పటికే ఇంటికి నాలుగు బిందెలు రావట్లేదు. అంత పెద్ద బిల్డింగుకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?” అంది బిందె పట్టుకున్న ఇంకో ఆమె.

చూశారా! ఒకే స్థలం. ఒకే ప్రకటన. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి. ఎవరి మాటా అబద్ధం కాదు.

కాసేపటికి వదిన, పిన్ని గట్టిగా అరుచుకున్నారు. “నా ఇంటి రేటు పెరిగితే నీకెందుకు కడుపుమంట?” అంది వదిన. “నా కొట్టు మూతపడితే నువ్వు బియ్యం పోస్తావా?” అంది పిన్ని. ఒక బిందె పక్కకి ఒరిగి నీళ్ళు పోయాయి.

అప్పుడు అక్క ఆ కాగితం మళ్ళీ చదివింది. “ఆగండి వదినా! దీంట్లో రెండు మాటలు ఉన్నాయి. అభ్యంతరాలు అని ఉంది. సలహాలు అని కూడా ఉంది. వద్దని చెప్పొచ్చు. కావాలంటే ఎట్లా కావాలో కూడా చెప్పొచ్చు.”

ఆ మాట అందరికీ నచ్చింది. అవును, కాదు అనే రెండు మాటలతో పాటు ‘అయితే’ అనే మూడో మాట కూడా ఉంది. మందుల షాపు రావాలి, అయితే బోరు వేసి కాలనీ నీళ్ళు లాగకూడదు. దుకాణాలు రావాలి, అయితే వాటి మురుగు ఇళ్ళ ముందు పారకూడదు. బండ్లు రావచ్చు, అయితే నిలపడానికి వాళ్ళ స్థలంలోనే చోటు ఉండాలి. బడికి పోయే పిల్లల దారిలో లారీలు నిలపకూడదు.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. పటం మీద ‘వాణిజ్యం’ అని ఒక్క మాటే పడుతుంది. ఇవాళ మందుల షాపు పెడతాం అన్నవాళ్ళు రేపు ఆ స్థలం వేరేవాళ్ళకి అమ్ముకోవచ్చు. కొన్నవాళ్ళు ఇంకేదో పెట్టొచ్చు. నోటి మాట గాలికి పోతుంది. షరతు ఏదైనా సరే, కాగితం మీద ఉండాలి.

చట్టం ఏం చెప్తుంది?

1975లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. ఆ సంవత్సరమే హైదరాబాదుకు పట్టణ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. దాన్ని హుడా అనేవారు. ప్లానులో మార్పు చేసే ముందు ప్రకటన ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. జనం చెప్పిన అభ్యంతరాలు, సలహాలు పరిశీలించాలని చెప్పింది.

తర్వాత కొత్త చట్టాలు వచ్చాయి. హైదరాబాదు ప్రాంతానికి 2008లో, ఆంధ్రప్రదేశ్‌కు 2016లో వచ్చాయి. సంస్థల పేర్లు మారాయి. జనం మాట రాసి ఇచ్చే దారి మాత్రం ఉంది.

ఎవరు రాసి ఇవ్వొచ్చు? ఇది బాగా గుర్తు పెట్టుకోండి. 1975 చట్టంలో ‘ఏ వ్యక్తి అయినా’ అనే అర్థం వచ్చేట్టు రాశారు. సొంత ఇల్లు ఉండాలని అనలేదు. పట్టా ఉండాలని అనలేదు. మగవాళ్ళే రావాలని అనలేదు. అద్దెకి ఉండేవాళ్ళు రాయొచ్చు. గుడిసెలో ఉండేవాళ్ళు రాయొచ్చు. పూలు అమ్ముకునే అవ్వ రాయొచ్చు.

ఎన్ని రోజుల్లో రాయాలి? ప్రకటనలో గడువు ఉంటుంది. చాలా ప్రకటనల్లో 15 రోజులు ఉంటుంది. కొన్నిట్లో ఎక్కువ ఉండొచ్చు. గడువు దాటాక రాస్తే మీ కాగితం పక్కన పెట్టేస్తారు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద మున్సిపల్ ఆఫీసులో 10 రూపాయల రుసుము కట్టి కాగితాలు అడగొచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఆ రుజువు చూపిస్తే రుసుము ఉండదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇక్కడ లెక్క చూడండి. ప్రకటన గడువు 15 రోజులు. జవాబు వచ్చేది 30 రోజులకి. కాబట్టి జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చోవద్దు. ముందు ఆఫీసుకి పోయి పటం చూపించమని అడగండి. అభ్యంతరం గడువు లోపలే ఇచ్చేయండి.

అక్క రాసిన అర్జీ

నాలుగు రోజులు రాత్రి బడిలో అందరూ కూర్చున్నారు. ఒకరు చెప్తుంటే అక్క రాసింది. తప్పులు కూతురు దిద్దింది. వాళ్ళు రాసిన అర్జీ ఇట్లా ఉంది.

“అయ్యా! మీరు 3వ తేదీన పేపరులో ఇచ్చిన ప్రకటన చదివాము. మా కాలనీ మధ్యలో ఉన్న స్థలాన్ని వాణిజ్యానికి మార్చే విషయంలో మా అభ్యంతరాలు, సలహాలు ఇవి.

ఒకటి. మా కాలనీలో తాగే నీళ్ళు చాలడం లేదు. కొత్త కట్టడానికి నీళ్ళు ఎక్కడి నుంచి ఇస్తారో ముందు తేల్చాలి.

రెండు. మురుగు కాలువ చిన్నది. వాన పడితే ఇళ్ళలోకి వస్తుంది. కాలువ పెద్దది చేయకుండా మార్పు చేయవద్దు.

మూడు. స్థలం ముందు రోడ్డు ఇరుకు. పిల్లలు ఆ దారినే బడికి పోతారు. బండ్లు, లారీలు రోడ్డు మీద నిలపకూడదు.

నాలుగు. రోడ్డు పక్కన కూరగాయలు, పూలు అమ్ముకునే ఆడవాళ్ళు ఆరుగురు ఉన్నారు. వాళ్ళ బతుకుదెరువు పోకూడదు.

ఐదు. మాకు మందుల షాపు అవసరం ఉంది. చిన్న దుకాణాలకు మేము అడ్డు కాదు.

మా మాట వినడానికి ఒక రోజు పిలవాలని కోరుతున్నాము.

ఇట్లు, కాలనీ మహిళలు.”

కింద 41 మంది సంతకాలు పెట్టారు. వాళ్ళలో చాలామంది ఏడాది కిందట వేలిముద్ర వేసినవాళ్ళే. వదిన కూడా సంతకం పెట్టింది. “కాలువ సంగతి నాకూ కావాలి కదా” అంది. ఐదో మాట కూడా ఉండాలని పట్టుబట్టింది ఆమే. పిన్ని ఆ మాటకి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ‘చిన్న దుకాణాలు’ అని రాస్తేనే సంతకం పెడతానంది. అట్లాగే రాశారు.

12వ తేదీన ఐదుగురు ఆడవాళ్ళు ఆఫీసుకి పోయారు. అక్కడి గుమాస్తా కాగితం చూశాడు. “సొంత ఇల్లు ఉన్నవాళ్ళని రమ్మనండి. అద్దెవాళ్ళకి దీంతో ఏం పని?” అన్నాడు.

అక్కకి కాళ్ళు వణికాయి. అయినా సంచిలోంచి నూనె మరకల కాగితం తీసింది. మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివింది.

“సార్! దీంట్లో సొంత ఇల్లు అనే మాట ఎక్కడుందో చూపించండి” అంది.

గుమాస్తా చూపించలేదు. కాగితం తీసుకున్నాడు. అక్క రెండో కాపీ ముందు పెట్టింది. “దీనిమీద ముద్ర వేసి, నంబరు, తేదీ రాసివ్వండి సార్” అంది. అతను ముద్ర వేశాడు.

ఆ కాపీయే రుజువు. ఎవరైనా ఆఫీసుకి పోలేకపోతే స్పీడు పోస్టులో పంపొచ్చు. ఆ రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి.

బెంగుళూరులో జరిగింది

ఇంతవరకు చెప్పింది అనుకున్న కథ. ఇక నిజంగా జరిగింది వినండి.

బెంగుళూరులో రాజమహల్ విలాస్ అనే పేట ఉంది. అక్కడ లేఅవుట్ వేసినప్పుడు ఒక స్థలం పార్కు కోసం ఉంచారు. 1976లో ప్రభుత్వం దాన్ని ఆసుపత్రి కోసం మార్చమంది. తర్వాత ఆ స్థలం ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చారు.

పేటలో ఉండేవాళ్ళు కోర్టుకి పోయారు. ముందు ఓడిపోయారు. మళ్ళీ పై బెంచికి పోయి గెలిచారు. ట్రస్టు వాళ్ళు సుప్రీంకోర్టుకి పోయారు. 1991లో సుప్రీంకోర్టు పేటవాళ్ళ వైపే తీర్పు చెప్పింది.

ఆసుపత్రి మంచిదే కదా అని మీరు అడగొచ్చు. మంచిదే. అయితే పార్కు కోసం ఉంచిన స్థలం పార్కుకే. అది పేటలో అందరిదీ. దాన్ని ఒకరికి ఇవ్వడం కుదరదని కోర్టు చెప్పింది. అక్కడ ఉండేవాళ్ళకి అడిగే హక్కు ఉందని కూడా చెప్పింది.

దీంట్లో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఖాళీ స్థలం కనపడితే అది ఎవరిదో ముందు తెలుసుకోండి. ఒక ఆసామి సొంత స్థలం వేరు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం వేరు. రెండోది, 1976లో మొదలైన వ్యవహారం 1991లో తేలింది. 15 ఏళ్ళు! ప్రకటనలో గడువు 15 రోజులు. ఆ 15 రోజుల విలువ ఎంతో మీరే చెప్పండి.

ఢిల్లీలో జరిగింది

ఇంకో వైపు కూడా చూడాలి. అడగకుండా, మార్పించుకోకుండా ఇళ్ళలో దుకాణాలు పెట్టుకుంటే ఏమవుతుంది?

ఢిల్లీలో ఎన్నో ఏళ్ళుగా నివాస ప్రాంతాల్లో దుకాణాలు వెలిశాయి. అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. 2006లో సుప్రీంకోర్టు వాటిని మూయమంది. తలుపులకి సీళ్ళు వేశారు. వేలమంది వ్యాపారులు రోడ్డు మీదకి వచ్చారు. పెద్ద గొడవలు జరిగాయి. తర్వాత 2007లో కొత్త మాస్టర్ ప్లాన్ వచ్చింది. కొన్ని రోడ్ల మీద ఇళ్ళతో పాటు దుకాణాలు కూడా ఉండొచ్చని దాంట్లో రాశారు.

కాబట్టి వ్యాపారం చేసుకునేవాళ్ళకి కూడా పటం తెలియాలి. కొట్టు పెట్టుకోవాలనుకున్న చెల్లెలు ముందు అడగాలి. “ఈ స్థలం ఏ రంగు? ఇక్కడ ఏది ఒప్పుకుంటారు?” అని. పెట్టుబడి పెట్టాక సీలు పడితే ఏడ్చి లాభం లేదు.

రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళకి 2014లో ఒక చట్టం వచ్చింది. పట్టణాల్లో వీధి వ్యాపారుల కమిటీ ఉండాలని అది చెప్తుంది. కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ధృవపత్రం ఉన్నవాళ్ళని తీసేయాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పూల అవ్వకి, కూరగాయల అక్కకి ఈ మాట చెప్పండి.

చివరి మాట

అక్క ఇచ్చిన అర్జీ ఏమవుతుంది? వినొచ్చు, వినకపోవచ్చు. కొన్ని షరతులు పెట్టి మార్పు చేయొచ్చు. అర్జీ పెట్టినంత మాత్రాన అంతా అనుకున్నట్టే జరగదు. ఈ సంగతి దాచకుండా చెప్పుకోవాలి.

అర్జీ పెట్టకపోతే మాత్రం ఫైలులో ఒక మాట పడుతుంది. ‘ఎవరి నుంచీ అభ్యంతరాలు రాలేదు’ అని. అప్పుడు 60 ఇళ్ళవాళ్ళూ ఒప్పుకున్నట్టే లెక్క. నీళ్ళు చాలని ఆమె కూడా ఒప్పుకున్నట్టే. కొట్టు పోయే పిన్ని కూడా ఒప్పుకున్నట్టే. మాట్లాడనివాళ్ళ మౌనాన్ని అంగీకారం కింద రాసేస్తారు.

ఇప్పుడు ఆ కాలనీ ఫైలులో ఆ మాట రాయడం కుదరదు. అక్కడ 41 సంతకాలు ఉన్నాయి. కొట్టు దగ్గర పిన్ని ముద్ర పడిన కాపీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాచింది. పిలుపు వస్తే అందరికీ చదివి వినిపించే పని ఆమెదే.

ఈసారి పొట్లం విప్పినప్పుడు కాగితం పారేయకండి. ఒక్కసారి చదవండి. దాంట్లో మీ వీధి పేరు ఉండొచ్చు.

కొత్త మాటలు

నివాసం: ఉండే ఇల్లు
వాణిజ్యం: వ్యాపారం
అభ్యంతరం: ఇది సరి కాదు అని చెప్పే మాట
సలహా: ఇట్లా చేస్తే మేలు అని చెప్పే మాట
గడువు: ఆఖరి తేదీ

మాట్లాడుకోండి

1. మీ వీధిలో ఖాళీ స్థలం ఉందా? అది ఎవరిది? దేనికి ఉంచారు?
2. అక్కడ దుకాణాలు వస్తే మీకు ఏం లాభం? మీ పక్కింటివాళ్ళకి ఏం నష్టం?
3. ప్రకటన 20వ తేదీన వచ్చింది. ఆ నెలకి 30 రోజులు. గడువు 15 రోజులు. ఆఖరి తేదీ ఏది?
4. మీ వీధి గురించి ఒక అర్జీ రాయండి. దాంట్లో ఒక అభ్యంతరం, ఒక సలహా ఉండాలి.